గుట్ట మీది గేటు

రామప్ప గుడి చూద్దామని బయల్దేరాను. చూశాను కూడా. కానీ తిరిగొచ్చాక ఎవరైనా "గుడి ఎలా ఉంది?" అని అడిగితే ముందు ఒక ఇనప గేటు గురించే చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్లు వినీ వినీ విసిగిపోయారు. "ఆ కోపమేదో కాగితం మీద పెట్టు, మమ్మల్ని వదిలెయ్" అన్నాడు మా ఆయన. అందుకే రాస్తున్నాను. ఊరి పేరూ కంపెనీ పేరూ రాయను. మనుషుల పేర్లు మార్చాను. కోపం మాత్రం మార్చలేదు.

స్టేషన్ ఘన్‌పూర్

హైదరాబాద్‌లో ఒక పెళ్లి చూసుకుని, అక్కడి నుంచి కాజీపేటకు రైలెక్కాను. మాది కోనసీమ. ఎటు చూసినా కొబ్బరి చెట్లూ కాలవలూ తప్ప ఎత్తుగా కనిపించేది గోదావరి గట్టొక్కటే. అందుకని కిటికీ పక్కన కూర్చుని, పొలాల మధ్య ఏనుగులు పడుకున్నట్టున్న బండరాళ్లను నోరు తెరుచుకుని చూస్తూ ఉన్నాను.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకామె నేరేడు పళ్ల గంప ఎత్తుకుని ఎక్కింది. దోసెడు పళ్లు ఇరవై రూపాయలు. డబ్బులు తీసుకోకముందే "తిన్నవా అక్కా?" అని అడిగింది. మా వైపు కొత్తవాళ్లను ముందు "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ఈ ప్రశ్న నాకు నచ్చింది.

రైలు కదిలాక పొలాల మధ్య రంగురంగుల జెండాలు, తెల్ల సున్నం వేసిన రాళ్లు, ఎటూ దారిలేని చోట నిలబెట్టిన పెద్ద పెద్ద కమాన్లు కనిపించాయి. ఏమిటవని అడిగాను.

"ప్లాట్లు. మొన్నటిదాంక నేను గా చేన్లనే పత్తి ఏరిన. ఇప్పుడు గా కమాన్‌ల నుంచి లోపలికి పోతే కుక్కను అదిలిచ్చినట్టు అదిలిస్తాండ్లు" అంది. ఆమె నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

హసన్‌పర్తి

నా స్నేహితురాలు రమ ఉండేది హసన్‌పర్తిలో. బీఈడీ చదివేటప్పుడు ఇద్దరం ఒకే హాస్టలు గదిలో ఉన్నాం. వాళ్లాయన వెంకటేశానికి హనుమకొండ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. సాయంత్రం మేడ మీద కూర్చోబెట్టి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలి గోడలకు వేళ్లతో ఒత్తి కాల్చిన అప్ప అది. మేము దిబ్బరొట్టె గురించి ఎంత గొప్పలు పోతామో వీళ్లు దీని గురించి అంత పోతారు. పోవాల్సిందే. నేను మూడు ముక్కలు తిన్నాను.

మేడ మీద నుంచి చెరువు కనిపిస్తోంది. చెరువు అంచు వరకూ ఇళ్లే.

"నేను పెండ్లయి వచ్చినప్పుడు నీళ్లు గా కాలేజీ దాంక ఉండె" అని చేయి చాపి చూపించింది రమ.

అప్పుడే వెంకటేశం దుకాణం నుంచి వచ్చి, నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టాడు. కొండ, కొండ కింద నది, నది వైపు చూస్తున్న తెల్లటి విల్లాలు. "పాలంపేట అవతల, అక్కా. రేపు కంపెనీ బస్సు ఫ్రీగా తీస్కపోతది. రామప్ప చూపిస్తరు, భోజనం పెడ్తరు. నాకు షాపు ఇడిచి వచ్చుడు కాదు. మీ ఇద్దరు పోయి సైట్ చూసి రాండ్లి. మంచిగుంటే ఒకటి తీసుకుంటం."

ఉచితంగా రామప్ప అంటే నాకు మాత్రం చేదా? సరే అన్నాను.

పాలంపేట

బస్సులో ఏసీ, చల్లటి నీళ్ల సీసాలు, పాటలు. మొత్తం హనుమకొండ, వరంగల్ బజార్ల వాళ్లే. బట్టల దుకాణాలవాళ్లు, మందుల షాపులవాళ్లు, రిటైరైన లెక్చరర్లు. టై కట్టుకున్న కుర్ర మేనేజరు కిరణ్ అందరినీ అమ్మా, అంకుల్ అంటూ కలివిడిగా తిరిగాడు. రమ మోకాళ్ల నొప్పి అంటే తన సీటు ఇచ్చి ముందు కూర్చోబెట్టాడు. చెడ్డవాడని చెప్పలేను. అదే నాకు మింగుడు పడని సంగతి.

పాలంపేట చేరేసరికి దారికి రెండు వైపులా నాట్లు పడుతున్నాయి. గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్లరాతి స్త్రీమూర్తులు చూరు కింద నుంచి ముందుకు వంగి నిలబడ్డారు. ఒకామె కాలిలో ముల్లు తీయించుకుంటోంది. రాయిలో ఆ పాదం నొప్పి కనిపిస్తుంది. నేను ఆమె దగ్గరే నిలబడిపోయాను. ఇంతలో కిరణ్ చప్పట్లు కొట్టాడు. "అమ్మా, టైమైతాంది! వరల్డ్ హెరిటేజ్ మన విల్లా నుంచి ఇరవై నిమిషాలే. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చు."

కొన్నవాళ్లు చూసుకోవచ్చు. నేను కొనడానికి వచ్చినదాన్ని కాదు కదా, అరగంటలో లాక్కొచ్చేశారు.

గుట్ట మీద

విల్లాలు కట్టే ఊరు గుట్టల మధ్య ఉంది. బజారు, పంచాయతీ ఆఫీసు, రెండు బడులు, టీ హోటళ్లు, వాగు ఒడ్డున వరుసగా ఇళ్లు. నది అని కాగితంలో వేశారు గానీ ఊళ్లోవాళ్లు వాగు అనే అంటారు. ఆ రోజు మోకాలి లోతు నీళ్లతో బుద్ధిగా పారుతోంది. బస్సు ఊళ్లోకి వెళ్లకుండా వెనక నుంచి వేసిన కొత్త రోడ్డు మీదుగా గుట్ట పైకెక్కింది.

పైన గాలి హాయిగా ఉంది. చుట్టూ ఎత్తుగా కంచె. ఒక నమూనా విల్లా కట్టి పెట్టారు. దాని వరండాలో నిలబెట్టి కిరణ్ చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"అమ్మా, అంకుల్, ఒక్కటే మాట. వాగు పక్కన కదా, వరదొస్తే ఎట్లా అని మీకు డౌట్. ఆ పెద్ద వరద యాదికుందా? కింద ఊరు మొత్తం మునిగింది. అప్పుడు ఊరోళ్లందరూ ఎక్కడికి వచ్చిన్రో తెలుసా? ఇక్కడికే! మీరు నిలబడ్డ జాగలోనే రెండు రాత్రులు కూసున్నరు. ఒక్క చుక్క నీళ్లు రాలే. ఇంతకంటే గ్యారంటీ ఏం కావాలి?"

కొందరు తల ఊపారు. ఒకాయన "అబ్బ, మంచి పాయింట్" అన్నాడు.

చేతిలోని బిర్యానీ పళ్లెం పక్కన పెట్టేశాను. నేను వరదలో పుట్టి పెరిగిన మనిషిని. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవాళ్ల భయాన్ని ఇళ్ల అమ్మకానికి సాక్ష్యంగా వాడుకోవడం అంతకు ముందెన్నడూ వినలేదు. "మరి మళ్లీ వరదొస్తే వాళ్లు ఎక్కడికి పోతారు?" అని అడిగాను. కిరణ్ చిరునవ్వు చెదరలేదు. "అవన్నీ గవర్నమెంటు చూసుకుంటది మేడం. ఐస్‌క్రీమ్ తీసుకోండి."

ఐస్‌క్రీమ్ తీసుకోలేదు. కంచెకు ఒక మూల ఆకుపచ్చ గేటు తెరిచి ఉంది. అక్కడి నుంచి కాలిబాట కిందికి, ఊళ్లోకి దిగుతోంది. రమా నేనూ వాగులో కాళ్లు తడుపుకుని వద్దామని దిగాం.

గుట్ట కింద

వాగు ఒడ్డున ఒకామె బట్టలు పిండుతోంది. పేరు ఎల్లక్క. వయసు మాకంటే కొంచెం తక్కువ ఉండొచ్చు. మా చీరలు చూసి "ప్లాట్ల బస్సోళ్లా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు. బట్టలు ఆరేయడానికి ఇంటికి వెళ్తుంటే రమ అడిగింది, "అక్కా, జర మంచినీళ్లిస్తవా?"

ఆ మాటతో ఆమె ముఖం మెత్తబడింది. లోపలికి పిలిచింది. ఇల్లంటే మూడు గోడలు ఇటుకవి, నాలుగోది రేకు. తలుపు పైన, నా తల కంటే ఎత్తులో గోడకు మట్టిచార ఉంది. ఎంత కడిగినా పోలేదట.

"రాత్రి పన్నెండు గొట్టింది. చప్పుడైతే లేచిన. మంచం కింద నీళ్లు. అరగంటల నడుము లోతు. మా అత్తను మా మరిది వీపు మీద ఎక్కించుకుండు. గా బాటెంబడే గుట్టెక్కినం. తెల్లారి చూస్తే బర్రె లేదు, ఇంటికి ఓ గోడ లేదు."

మా గోదావరి అలా కాదు. పైన ఎక్కడో పెరుగుతుంటేనే కబురొస్తుంది. టీవీలో అడుగులు చెబుతుంటారు. పశువుల్ని గట్టు మీదికి తోలి, బియ్యం అటక మీద పెట్టుకునే వ్యవధి ఉంటుంది. ఈ వాగు గుట్టల్లో వాన పడిన గంటలో మీదికొస్తుంది. దీనికి కబురు చెప్పేవాళ్లుండరు. ఎత్తుకు ఎక్కడమొక్కటే దారి.

"వరద తీసినంక సార్లు జీపులల్ల వచ్చిండ్లు. గీ గుట్ట మీదనే మీకు ఇండ్లు కట్టిస్తమన్నరు. రాళ్లు గూడ పాతిండ్లు. మేము సంబురపడ్డం. యాడాది తిరిగెసరికి అది ఎవరిదో పట్టా భూమి, కంపెనీకి అమ్ముకుండు అన్నరు. మాకేమో వాగు అవతల పల్లం జూపిస్తాండ్లు." ఆమె గొంతు పెరిగింది. "అక్కా, ఇండ్లు మాకు ఇయ్యకుంటే మానె. గా బాట బందు చేసుడేంది? దినాం గేటు ఏస్తాండ్లు!"

ఆ మాట పూర్తి కాకుండానే గుట్ట మీద బస్సు హారన్ వినిపించింది. ఇద్దరం ఆయాసపడుతూ ఎక్కాం. గేటుకు తాళం.

అరిచాం. ఇనుము మీద రాయి పెట్టి కొట్టాం. కంచె సందులోంచి బస్సు అవతలి వైపు దిగిపోవడం కనిపిస్తోంది. రమ మోకాలు పట్టుకుని బాట మీద కూలబడింది. నేను ఆ ఊచలు పట్టుకుని ఊపుతూ, ఇది ఎండవేళ, వెనక నుంచి నీళ్లు తరమడం లేదు, చంకలో పిల్ల లేదు, అయినా ఇంత భయమేస్తోందే అనుకున్నాను.

కాసేపటికి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "మీరు కిందికి పోయినట్టు నాకెరుక లేదమ్మా! లంచ్ కాంగనే గేటెయ్యమన్నరు." అతను లింగయ్య. వెనక మా కోసం ఎక్కొచ్చిన ఎల్లక్కను చూసి తల దించుకున్నాడు. అత్తను వీపు మీద మోసిన మరిది అతనే.

"నీ వదినెకే తాళం ఏసుకుంట కూసున్నవురా" అంది ఎల్లక్క.

"నెల జీతం వదినె. ఏం జేయాలె చెప్పు."

కిరణ్‌కు ఫోన్ చేస్తే బస్సు చాలా దూరం వెళ్లిపోయిందనీ, ఆటోలో వచ్చేయమనీ సలహా ఇచ్చాడు. అంత దూరం వచ్చే ఆటో దొరకలేదు, ఆ ఊరి నుంచి హనుమకొండకు ఉన్న ఆఖరి బస్సు కూడా మధ్యాహ్నమే పోయింది. ఆ రాత్రి ఎల్లక్క ఇంట్లోనే ఉన్నాం. అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు. మేము పులుసు మరిగిస్తాం. వీళ్లు చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి చల్లగానే పోసుకుంటారు. ఆ రోజంతా నేను కడుపునిండా తిన్న తిండి అదే.

సభ

పొద్దున వెళ్లిపోవాల్సినవాళ్లం ఆగిపోయాం. ఆ రోజే పంచాయతీ ఆఫీసు ముందు ఆ విల్లాల వెంచర్ మీద సభ ఉందని ఎల్లక్క చెప్పింది. షామియానా వేశారు. ఆఫీసరు జీపు రావడం ఆలస్యమైతే అందరికీ కంపెనీవాళ్లే టీ పోయించారు. కిరణ్ కూడా వచ్చాడు. మమ్మల్ని చూసి, "మేడం, ఇంకా ఇక్కడే ఉన్నరా?" అన్నాడు ఆప్యాయంగా.

ఊరంతా ఒక్క మాట మీద ఉంటుందని నేననుకున్నాను. అలా లేదు. టీ హోటల్ సమ్మయ్య ముందుగా లేచాడు.

"వెంచర్ వద్దంటే ఎట్ల? నా కొడుకు డిగ్రీ చదివి హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ కాడ గార్డు జేస్తాండు. గా గార్డు పనేదో ఈడనే దొర్కితే ఇంట్ల తిని చేసుకుంటడు. పెద్దోళ్లు ఇండ్లు కట్టుకుంటే రోడ్డొస్తది, దవాఖాన వస్తది. ఇన్నేండ్లు మనమే ఉన్నం గద, ఏమొచ్చింది?"

చాలామంది అవునన్నారు. ఊరివాళ్ల కోసం వేయని రోడ్డు విల్లాల కోసం వేస్తున్నారంటే, తప్పు ఆ రోడ్డు కోరుకున్న సమ్మయ్యది కాదు.

ఎల్లక్క లేచింది. "సమ్మన్నా, నీ హోటల్ నడవాలె, నీ కొడుకు రావాలె. నేను కాదన్ననా? గా రాత్రి నువ్వు గూడ మా ఎంబడే ఎక్కినవు గద. నేను అడిగేది ఒక్కటే. బాట ఇడువుండ్లి. గేటు తీయుండ్లి."

సమ్మయ్య కూర్చున్నాడు. కిరణ్ మైకు తీసుకున్నాడు. "అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ లక్షలు పెట్టి కొన్న ఓనర్లకు సేఫ్టీ ఉండాలె కదా. రాత్రిపూట ఎవరు పడితే వాళ్లు లోపలికి వస్తే ఎట్లా?"

ఎవరు పడితే వాళ్లు! నిన్న వరండాలో నిలబడి అదే మనుషుల్ని చూపించి ప్లాట్లు అమ్మాడు. ఇక ఆగలేకపోయాను. లేచి, బస్సులో తీసుకెళ్లి ఏం చెప్పాడో సభలో అందరికీ చెప్పాను. "మీరు మునిగిన రాత్రిని ఈయన గ్యారంటీ అని అమ్ముకుంటున్నాడు" అన్నాను. జనంలో ఒక్కసారి గొడవ లేచింది. ఆఫీసరు చెయ్యెత్తాడు.

"మీది ఏ ఊరమ్మా?"

చెప్పాను.

"బయటివాళ్లు మాట్లాడకూడదు. కూర్చోండి."

ప్లాట్లు కొనేవాళ్లందరూ బయటివాళ్లే. వాళ్ల తరఫున మైకు పట్టుకున్నవాడూ బయటివాడే. కూర్చోమన్నది నన్నొక్కదాన్నే. రమ నా చెయ్యి పట్టి లాగకపోతే ఏం అనేదాన్నో తెలియదు.

చివరికి ఆఫీసరు రాజీ కుదిర్చాడు. చాలా సంతోషంగా ప్రకటించాడు. "రెండు వర్గాలకూ న్యాయం జరగాలి. గేటు ఉంటుంది. కానీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు ఊరివాళ్ల కోసం తెరిచే ఉంటుంది."

ముందు వరుసలో చప్పట్లు కొట్టారు. ఎల్లక్క కొట్టలేదు. నిలబడే అంది, "మంచిది సారు. గదే టైముల రమ్మని వాగుకు గూడ చెప్పుండ్లి."

ఎవరో నవ్వారు. ఆఫీసరు జీపెక్కాడు. సభ అయిపోయింది.

తిరుగు దారి

ఎర్రబస్సులో హనుమకొండకు బయల్దేరాం. రమ ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ సున్నా టికెట్టు కొట్టింది. నేనూ చూపించాను. "మీది ఆంధ్ర ఆధార్ గదమ్మా, మీకు నడవది" అంది. మా ఊళ్లో ఆడవాళ్లకు ఫ్రీనే, ఇక్కడ రమకు ఫ్రీ, ఇద్దరి మధ్య నేను పైసలు పెట్టి టికెట్టు కొన్నాను. ఆ రోజు మొత్తంలో మేము నవ్వింది అప్పుడొక్కసారే.

వెంకటేశానికి రమ జరిగిందంతా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "బాధనే. కానీ మనం కొనకుంటే ఇంకొకడు కొంటడు. గేటు గేటే ఉంటది."

"కొనేటోడు కొననీ. తాళం మన పేరు మీద వద్దు. నేను గా గేటు బయట నిలబడ్డ, నువ్వు నిలబడలే" అంది రమ. నలభై ఏళ్ల స్నేహంలో ఆమె గొంతు అలా వినలేదు. ఆయన ఆ కాగితాన్ని మడిచి దుకాణం సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నేను ఇంటికొచ్చిన కొద్ది వారాలకు వానలు గట్టిగా పట్టాయి. ఒక సాయంత్రం రమ ఫోన్ చేసింది. వాగు వచ్చింది. రాత్రే వచ్చింది. ఆ పెద్ద వరదంత కాదు గానీ ఒడ్డున ఇళ్లలోకి నీళ్లు చేరాయి. జనం గేటు దగ్గరికి వచ్చేసరికి లింగయ్య ఎవరినీ అడగకుండా తాళం తీశాడు. ముసలివాళ్లనూ పిల్లల్నీ ఆ నమూనా విల్లాలోకి పంపాడు. అందరూ బతికారు. తెల్లవారాక కంపెనీవాళ్లు వచ్చి, మట్టికాళ్ల గుర్తులతో పాడైన తెల్ల టైల్స్ చూసి, లింగయ్యను పనిలోంచి తీసేశారు. ఊరితో సంబంధం లేని వాచ్‌మన్‌ను పెడతామన్నారు.

మర్నాడు సాయంత్రం ఎల్లక్కకు ఫోన్ చేశాను. ఆమె గొంతు ఉత్సాహంగా ఉంది. వెనక ట్రాక్టరు చప్పుడు, ఆడవాళ్ల మాటలు.

"కొత్త వాచ్‌మన్ వచ్చినంక ఇగ తీయనీయరని, మేమే పోయినం అక్కా. గడ్డపారలతోని గేటు పీకినం. సమ్మన్న తన ట్రాక్టర్ ఇచ్చిండు. తీస్కపోయి మండలాఫీసు ముంగట పడేసి వచ్చినం."

"పోలీసులు ఏమన్నారు?"

"రాసుకపోయిండ్లు. నా పేరు ముందల రాసిండ్లు. నువ్వు ఫికర్ చేయకు. మల్ల ఎప్పుడు వస్తవు?"

వస్తానన్నాను. దారి ఎలా ఉందని అడిగాను.

"గేటు లేదు. కేసున్నది. దారి మంచిగున్నది, రా" అంది ఎల్లక్క.